మాటకు ముందే మొదలయ్యే మాటలు
పాఠకుల ప్రశ్నలు – స్పీచ్ థెరపిస్టు జవాబులు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘మా వాడికి ఇంకా మాటలు రావడం లేదు’ అనేవే. వాటిలోంచి ఈసారి ఒక రకం ఉత్తరాలు విడిగా తీసిపెట్టాను. పుట్టుకతోనే జన్యువుల్లో తేడా ఉందని పరీక్షల్లో తేలిన పిల్లల ఇళ్ల నుంచి వచ్చినవి అవి. పిల్లలను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు కొంచెం మార్చాను. మందుల సంగతి, ఆపరేషన్ల సంగతి మీ డాక్టరు గారు చూసుకుంటారు. మాట సంగతి నేను చెబుతాను.

ప్రశ్న: మా పాపకు డౌన్ సిండ్రోమ్. ఇరవై నెలలు నిండాయి. చప్పట్లు కొడుతుంది, టాటా చెబుతుంది, కావాల్సింది వేలితో చూపిస్తుంది. మేం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటుంది. మాట మాత్రం ఒక్కటీ లేదు. ‘మీ ఆయన కూడా మూడేళ్లకు గానీ నోరు విప్పలేదు, వాటంతటవే వస్తాయిలే’ అంటారు మా అత్తగారు. మా ఆడపడుచు నాలుక కింద కోయించమంటోంది. థెరపీలో సైగలు నేర్పిస్తామన్నారు. సైగలకు అలవాటు పడితే ఇక అసలు మాట్లాడదేమోనని నా టెన్షన్. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, వేలితో చూపిస్తుందని మీరు మామూలుగా రాసేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన సంగతి అదే. ఒకటి గమనించి చూడండి. వస్తువు వైపు వేలు చూపించి ఊరుకుంటుందా, వెంటనే మీ ముఖంలోకి కూడా చూస్తుందా? వస్తువునూ మిమ్మల్నీ మార్చి మార్చి చూస్తుంటే పాప మీతో మాట్లాడుతున్నట్టే. ‘అమ్మా, అది చూశావా’ అని ఆ చూపుకు అర్థం. నోటిమాట ఆలస్యమైతే అవనివ్వండి, ఈ రాకపోకలు ఆగకూడదు. ఈ శీర్షికలో నేను ఎవరికి జవాబు రాసినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను.

ఇక వరసగా. ముందు చెవులు. పుట్టినప్పుడు వినికిడి పరీక్ష పాసయిందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చెవి రంధ్రం సన్నగా ఉంటుంది, కర్ణభేరి వెనక నీరు చేరడం చాలా ఎక్కువ. నొప్పి ఉండదు, చీము కారదు, బయటికి ఏమీ కనబడదు. పాపకు మన మాట దిండు అడ్డుపెట్టినట్టు మసగ్గా వినిపిస్తూ ఉంటుంది. పిలిస్తే పలుకుతుంది కాబట్టి వినికిడి బాగుందనుకుంటాం. అయితే పిలుపు అందడం వేరు, ‘త’కీ ‘ట’కీ తేడా అందడం వేరు. రెండు చెవులూ విడివిడిగా బాగున్నాయని తేలేదాకా ఆరు నెలలకోసారి పరీక్ష చేయించాలి. ఆ పైన కూడా ఏటా మానకూడదు. థైరాయిడ్ పరీక్ష కూడా అంతే, ఏటా ఉండాల్సిందే. ఈ పిల్లల్లో థైరాయిడ్ తగ్గడం మామూలు. తగ్గితే పిల్ల మందగిస్తుంది, ఆ మందకొడితనాన్ని మనం సిండ్రోమ్ ఖాతాలో రాసేస్తాం.

మీ ఆయన సంగతి వేరు. ఆయన ఆలస్యంగా మాట్లాడారు, అంతే. పాపకు 21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. ఆ సంగతి ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజ్యూన్ బృందం 1959లో చెప్పింది. అప్పటి నుంచి ఈ పిల్లల ఎదుగుదల గురించి ఎంతో తెలిసింది. వీళ్లలో చాలామందికి మొదటి మాట ఏడాదిన్నరకూ రెండేళ్లకూ మధ్య వస్తుంది. మూడేళ్లు దాటాక మొదలుపెట్టిన వాళ్లూ ఉన్నారు. అర్థం చేసుకోవడం ఎప్పుడూ ముందుంటుంది, చెప్పడం వెనకబడుతుంది. కాబట్టి మీ పాప ఈ పిల్లల దారిలోనే నడుస్తోంది. దారి తెలిసినప్పుడు ‘అవే వస్తాయి’ అని చేతులు కట్టుకుని కూర్చోవడం దేనికి?

నాలుక కోయించడం గురించి. నాలుక కింద తాడు నిజంగా బిగుసుకుపోయి ఉంటే డాక్టరే చెబుతారు. డౌన్ సిండ్రోమ్‌లో నాలుక బయటికి కనిపించడానికి మామూలు కారణం వేరు. నోటి లోపలి చోటు తక్కువ, కండరాల్లో పట్టు తక్కువ. దానివల్ల రేపు మాట స్పష్టత తగ్గవచ్చు గానీ అసలు మాటే రాకపోవడానికి కారణం నాలుక కాదు. మీ ఆడపడుచు గారికి కోపం రాకుండా ఈ మాట ఎలా చెప్పాలో మీకే బాగా తెలుసు.

సైగలు నేర్పించండి. నిర్భయంగా నేర్పించండి. ఈ పిల్లలకు విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం కష్టం, చూసినదాన్ని నిలుపుకోవడం అంతకంటే తేలిక. మనం అన్న మాట గాలిలో కలిసిపోతుంది. చేతి సైగ ఒక్క క్షణమైనా కళ్లముందు నిలుస్తుంది. సైగతో మొదలుపెట్టిన పిల్లలు నోటి మాట వచ్చాక ఆ సైగను వాళ్లంతట వాళ్లే వదిలేయడం నా గదిలో రోజూ చూసేదే. సైగల వల్ల, బొమ్మల కార్డుల వల్ల మాట వెనకబడుతుందా అని పరిశోధకులు ప్రత్యేకంగా వెతికారు. వెనకబడిన దాఖలాలు లేవు, చాలామంది పిల్లల్లో మాట కాస్త పెరిగింది కూడా. ఒకే షరతు. మీరు సైగ చేసిన ప్రతిసారీ మాట కూడా అనాలి. మూగగా చేయకూడదు.

ఏ సైగలు? రంగుల చార్టులో ఉండే ఏనుగు, విమానం, ద్రాక్షపండు ఇప్పుడు వద్దు. పాపకు రోజూ పనికొచ్చేవి కావాలి. ‘ఇంకా’, ‘అయిపోయింది’, ‘ఎత్తుకో’, ‘వద్దు’, ‘పాలు’. ‘వద్దు’ నేర్పడానికి పెద్దవాళ్లు వెనకాడతారు. నేనైతే మొదటి వారంలోనే నేర్పుతాను. వద్దని చెప్పే దారి లేని పిల్లకు ఏడుపు, విసిరికొట్టడమే దారి.

ఇంకొకటి. మీరు చేస్తున్నారని కాదు గానీ, నా గదికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చేస్తారు. చేతిలో బంతి పట్టుకుని ‘ఇదేంటి? చెప్పు. బంతి అను. అను, ఇస్తా’ అంటారు. పాప ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఎవరైనా మిమ్మల్ని పొద్దస్తమానం ప్రశ్నలడుగుతూ ఉంటే మీరూ లేచిపోతారు. దానికి బదులు పాప ఎటు చూస్తోందో మీరూ అటు చూడండి. బంతిని చూస్తుంటే ‘బంతి!’ అనండి. దొర్లిస్తే ‘దొర్లింది!’ అనండి. అని, ఆగండి. మనసులో నెమ్మదిగా పది దాకా లెక్కపెట్టండి. ఆ పది చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నాకూ ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ పిల్లలు జవాబు కూడదీసుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటారు. ఐదో అంకె దగ్గర మనమే మళ్లీ మాట్లాడేస్తే వాళ్ల వంతు పోయినట్టే. పాప ‘బ’ అన్నా, చేయి చాపినా, కళ్లతో అడిగినా అది జవాబే. ‘అవును, బంతి!’ అని వెంటనే అందుకోండి. సరిదిద్దొద్దు.

ప్రశ్న: ఇంట్లో రెండు భాషలు నడుస్తాయి. బాబుకు డౌన్ సిండ్రోమ్ కాబట్టి కన్‌ఫ్యూజ్ అవుతాడనీ, ఒక్క భాషే, అదీ బడి భాషే మాట్లాడమనీ తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. మా అమ్మకు ఆ భాష రాదు. – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మగారిని ఆవిడ భాషలోనే మాట్లాడనివ్వండి. రెండు భాషల ఇళ్లలో పెరిగిన డౌన్ సిండ్రోమ్ పిల్లలను ఒకే భాష ఇళ్ల పిల్లలతో పోల్చి చూశారు. రెండో భాష వల్ల మొదటిది చెడిందనడానికి ఆధారం దొరకలేదు. సరిగ్గా రాని భాషలో పొడి పొడిగా నాలుగు మాటలు చెప్పే నానమ్మ కంటే, తన భాషలో ఆగకుండా కబుర్లు చెప్పే నానమ్మ వెయ్యి రెట్లు నయం.

ప్రశ్న: బాబుకు మూడున్నరేళ్లు. ఫ్రాజైల్ ఎక్స్ అని తేలింది. మాటలున్నాయి, కానీ కార్టూన్లలో విన్న డైలాగులే అప్పజెబుతాడు, అదీ గడగడా. అడిగినదానికి జవాబు చెప్పడు. ముఖంలోకి చూడడు. ‘నా కళ్లలోకి చూసి చెప్పు’ అని గడ్డం పట్టుకుని తిప్పితే చెవులు మూసుకుని చేయి కొరుక్కుంటాడు. మొండితనం ఎలా మాన్పించాలి? – ఒక తండ్రి

జవాబు: గడ్డం పట్టుకోవడం ఈ రోజే మానేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎఫ్ఎంఆర్1 అని ఒక జన్యువు ఉంది. 1991లో కనుక్కున్నారు. అందులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ ముక్కలు రెండు వందలు దాటితే జన్యువు మూతపడుతుంది, మెదడుకు కావాల్సిన ఒక ప్రొటీన్ తయారు కాదు. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆ ప్రొటీన్ లేని మెదడుకు వెలుతురు, చప్పుడు, ఎదుటివాళ్ల చూపు అన్నీ మోతాదు మించి తగులుతాయి. మీ బాబు మీ కళ్లలోకి చూడకపోవడం పొగరు కాదు, మొండితనమూ కాదు. ఆ చూపు వాడు తట్టుకోలేడు. తట్టుకోలేనిదాన్ని బలవంతంగా ఇస్తే చేయి కొరుక్కుంటాడు మరి.

ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఇద్దరూ ఒకే వస్తువును చూస్తూ పనిచేసుకోండి. బొమ్మ కారు తోయండి, నీళ్లు పోయండి. ప్రశ్నలు తగ్గించి, మాటలు పెంచండి. ‘కారు ఎక్కడికెళ్తోంది?’ అనే బదులు ‘కారు కిందికెళ్తోంది…’ అని వాక్యం చివర కాస్త ఖాళీ వదలండి. ఈ పిల్లలు సూటి ప్రశ్నకు బిగుసుకుపోతారు, ఖాళీ కనిపిస్తే పూరిస్తారు.

డైలాగుల సంగతి. అవి పనికిరాని మాటలని కొట్టేయకండి. ఏ డైలాగు ఎప్పుడు వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త మనుషులు వచ్చినప్పుడు ఒకటి, బయటికి వెళ్లాలనుకున్నప్పుడు ఇంకొకటి వస్తుండవచ్చు. పిల్లాడికి సొంత వాక్యం కట్టడం చేతకాక, రెడీగా ఉన్న వాక్యం తెచ్చుకుంటున్నాడు. దాని వెనక ఉన్న కోరిక మీకు తెలిస్తే ‘బయటికెళ్దాం’ అనే చిన్న మాట పక్కన పెట్టగలుగుతారు. తల్లులు ఇలా పిల్లలు చేసినదాన్ని అందుకుని స్పందించడం ఏళ్ల తరబడి ఆగకుండా సాగిన ఇళ్లలో, ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల భాష మెరుగ్గా ఎదిగిందని అమెరికా పరిశోధనల్లో తేలింది. తల్లులన్నది వాళ్లు చూసింది తల్లులను కాబట్టి. మీరు చేసినా పనిచేస్తుంది.

ఈ జన్యువు కుటుంబంలో నడుస్తుంది. అందుకని జెనెటిక్ కౌన్సెలింగ్‌కు ఇద్దరూ కలిసి వెళ్లండి. మీ ఆవిడ తరఫు వాళ్లకు కూడా పరీక్ష అవసరం కావచ్చు. అక్కడ ఆవిడ ఒక్కతే బోనెక్కినట్టు ఉండకుండా చూడటం మీ పని.

ప్రశ్న: మా మనవరాలికి విలియమ్స్ సిండ్రోమ్. రెండేళ్లు దాటాక గానీ మాటలు రాలేదు. ఇప్పుడు నాలుగున్నర. ఇల్లెగిరిపోయేలా కబుర్లు చెబుతుంది, దారిన పోయేవాళ్లను కూడా ఆపి పలకరిస్తుంది. ఇంకా స్పీచ్ థెరపీ ఎందుకని మా అబ్బాయి అంటున్నాడు. – ఒక తాతయ్య

జవాబు: తాతయ్య గారూ, మీ మనవరాలితో ఒక పూట గడపాలని నాకే ఉంది. 7వ క్రోమోజోమ్ నుంచి పాతిక పైచిలుకు జన్యువులున్న చిన్న ముక్క తప్పిపోతే విలియమ్స్ సిండ్రోమ్ వస్తుంది. ఇందులో మాట ముందు ఆలస్యమై, తర్వాత ఉరుకుతుంది. ఉరకడం చూసి అందరూ మోసపోతారు. ఒకప్పుడు పరిశోధకులే ‘తెలివి తగ్గినా భాష చెక్కుచెదరలేదు’ అని రాశారు. తర్వాత లండన్‌లో ఆనెట్ కార్మిలాఫ్-స్మిత్ బృందం పసిపిల్లలనే పరీక్షించి చూస్తే, ఆ వయసులో విలియమ్స్ పిల్లలు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు మాటలను అర్థం చేసుకోవడంలో ఇంచుమించు ఒకేలా వెనకబడి ఉన్నారు. 1999లో వచ్చింది ఆ పరిశోధన. పెద్దయ్యాక కనిపించే తేడా ఊయలలో ఉన్నప్పుడు లేదు.

మామూలు పిల్లలు ముందు వేలు చూపించి, తర్వాత పేరు చెబుతారు. విలియమ్స్ పిల్లల్లో తరచూ పేర్లే ముందు వస్తాయి, వేలు తర్వాత వస్తుంది. అంటే పునాదిలో కొన్ని రాళ్లు లేకుండానే గోడ లేచింది. ఇప్పుడు చేయాల్సింది ఆ రాళ్లు వెతకడం. ‘పెట్టె వెనక పెట్టు’, ‘రెండిటి మధ్య పెట్టు’ అని చెప్పి చూడండి, తడబడవచ్చు. చోటును చెప్పే మాటలు ఈ పిల్లలకు కష్టం. తను చెప్పడం ఆపి ఎదుటివాళ్లు చెప్పేది వినడం, అడిగినదానికే జవాబివ్వడం కూడా నేర్పాలి. తెలియనివాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లిపోవడం ముద్దుగా ఉన్నా ప్రమాదం. ఎవరిని పలకరించాలో, ఎవరితో వెళ్లకూడదో ఇప్పటి నుంచే ఆటలా నేర్పండి. థెరపీ మాన్పించకండి, దాని లక్ష్యాలు మార్చమని థెరపిస్టును అడగండి. గుండె రక్తనాళాల చెకప్ ఎలాగూ జరుగుతూ ఉంటుందనుకుంటాను.

ప్రశ్న: బాబుకు యాంజెల్మన్ సిండ్రోమ్. ఐదేళ్లు. మాటలు రావని డాక్టరు ముందే చెప్పారు. మరి స్పీచ్ థెరపీ మానేసి ఆ సమయం నడక మీద పెట్టనా? – ఒక తల్లి

జవాబు: డాక్టరు నిజమే చెప్పారు. 15వ క్రోమోజోమ్ మీద, తల్లి నుంచి వచ్చిన యూబీఈ3ఏ జన్యువు పనిచేయనప్పుడు వచ్చే ఈ సమస్యలో చాలామందికి నోటి మాటలు అసలు రావు, లేదా ఒకటి రెండు వస్తాయి. కానీ అర్థం చేసుకోవడం చెప్పగలిగినదానికంటే ఎంతో ముందుంటుంది. లోపల ఉన్నది బయటపడే దారి నోరు కాకపోతే ఇంకో దారి వేయాలి. ఆ పని స్పీచ్ థెరపిస్టుదే. కాబట్టి మానేయొద్దు. నడక కూడా కానివ్వండి.

బొమ్మల బోర్డు, లేదా నొక్కితే పలికే యాప్ ఉన్న ట్యాబ్లెట్ మొదలుపెట్టించండి. ఐదేళ్లకు తొందరపడినట్టు కాదు, రెండేళ్లకు మొదలుపెట్టినా తొందర కాదు. ‘ముందు ఫొటోలు గుర్తుపట్టనీ, తర్వాత ఇద్దాం’ అనేవాళ్లు నాకు ఇప్పటికీ ఎదురవుతుంటారు. మామూలు పిల్లాడికి ‘ముందు మాటలు గుర్తుపట్టు, తర్వాత నీతో మాట్లాడతాం’ అని మనం అంటామా? మొదట్లో బోర్డు వాడాల్సింది మీరు. మీరు ‘వెళ్దాం’ అన్నప్పుడల్లా ‘వెళ్దాం’ బొమ్మ మీద వేలు పెట్టండి. వాడు నెలల తరబడి చూస్తాడు. పసిపిల్లలూ నెలల తరబడి వినే కదా మాట్లాడతారు. అల్లరి చేశాడని బోర్డు తీసి అల్మారాలో పెట్టకండి, అది వాడి నోరు. వేలు గురి తప్పుతుంటే బొమ్మలు పెద్దవి చేయించండి, చూపుతో ఎంచుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. ఫిట్స్, నిద్రలేమి అదుపులో లేకపోతే ముందు అవి చూపించండి. నిద్రలేని పిల్లాడు ఏదీ నేర్చుకోలేడు.

ప్రశ్న: పాప ఏడాదికి ఆరేడు మాటలు చెప్పేది. ఇప్పుడు ఏడాదిన్నర. ఆ మాటలు పోయాయి. బొమ్మలు పట్టుకోవడం మానేసి రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. పళ్లు వస్తున్నందుకేనా? – ఒక తల్లి

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా కబురు పంపాను, మిగతావాళ్లకు తెలియాలని ఇక్కడ వేస్తున్నాను. ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. పోతే ఏ వయసులోనైనా ఆగకూడదు, పిల్లల నరాల డాక్టరుకు వెంటనే చూపించాలి. చేతుల వాడకం కూడా తగ్గిన ఆడపిల్లల్లో రెట్ సిండ్రోమ్ ఉందేమో చూస్తారు. దానికి కారణమైన ఎంఈసీపీ2 జన్యువును 1999లో గుర్తించారు, రక్తపరీక్షతో తెలుస్తుంది. వెళ్లేటప్పుడు పాప పాత వీడియోలు ఫోన్‌లో పెట్టుకెళ్లండి.

ప్రశ్న: డౌన్ సిండ్రోమ్ ఉన్న మా బాబుకు నాలుగేళ్లు. ఇరవై ముప్ఫై మాటలు చెబుతాడు, స్పష్టత లేదు. చదవడం నేర్పుదామంటే ఇంట్లో అందరూ నవ్వుతున్నారు, ముందు మాట్లాడనీ అంటున్నారు. – ఒక అక్క

జవాబు: నవ్వనివ్వు తల్లీ. నీ ఆలోచన మంచిది. విన్నది నిలవదు, చూసినది నిలుస్తుందని పైన రాశాను కదా. అచ్చులో ఉన్న మాట కంటికి కనబడుతూ అలాగే ఉంటుంది. బ్రిటన్‌లో స్యూ బక్లీ అనే పరిశోధకురాలు 1980ల నుంచి దీనిమీదే పనిచేశారు. మాటలు సరిగ్గా రాకముందే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరు పదాలను చూసి గుర్తుపట్టగలరనీ, ఆ చదువు తిరిగి వాళ్ల మాటకు సాయపడుతుందనీ ఆమె చూపించారు. చదివిన మాటలు తర్వాత నోటికి వస్తాయి, చిన్న వాక్యాలు కూడా అలాగే కుదురుతాయి.

అక్షరమాలతో మొదలుపెట్టకు. గుణింతాల దాకా వెళ్లేసరికి ఇద్దరూ అలిసిపోతారు. మొత్తం మాటతో మొదలుపెట్టు. నాలుగు అట్టముక్కలు తీసుకుని ‘అమ్మ’, ‘నాన్న’, ‘అక్క’, వాడి పేరు పెద్దగా, నల్లటి సిరాతో రాయి. ఒక్కో ఫొటో కింద అదే మాట అతికించు. ముందు జత కలపడం, తర్వాత నువ్వు అడిగింది ఎంచడం, చివరికి చదవడం. ఈ వరస తప్పకు. ‘అక్క’ను ‘అత్త’ అని చదివినా తప్పనకు, నువ్వే ఒకసారి ‘అక్క’ అని ముందుకు వెళ్లు. ఒక పూటకు ఐదు నిమిషాలు చాలు, వాడు ఇంకా కావాలంటుండగానే ఆపెయ్యి. ఆ నాలుగూ వచ్చాక ‘తిను’, ‘పడుకో’, ‘రా’ కలుపు. అప్పుడు ‘అక్క రా’ అనే రెండు మాటల వాక్యం వాడి చేతికి వస్తుంది. ఎలా సాగిందో మళ్లీ రాయి.